బీరతీగకు దొరికిన కట్టెలు

మొన్న మా కోడలితో కలిసి హన్మకొండలో ఒక నర్సరీకి వెళ్లాను. మేడ మీద కుండీల్లో టమాటాలు పెంచాలని ఆమెకు కొత్తగా మోజు పుట్టింది. అక్కడ ఎరువు సంచుల పక్కన వేలెడు లావు వెదురు పుల్లల్ని కట్టలు కట్టి, మెరిసే కాగితం చుట్టి అమ్మకానికి పెట్టారు. మొక్కలకు ఊతమట. "పుల్లలు కూడా కొంటారా!" అని గట్టిగానే అనేశాను. కోడలు నా చెయ్యి గిల్లింది. వయసు మీదపడ్డాక నా నోటికి గడియ లేకుండా పోయిందని ఇంట్లో అందరి ఫిర్యాదు. ఉండనీ. పుల్ల అనేది వెతుక్కోవాలి గాని కొనుక్కోకూడదని నాకు నేర్పిన మనిషి ఒకరున్నారు. మా చిన్నత్త.

మా ఇల్లు వరంగల్ బజారులో ఉండేది. ముందు దుకాణం, దాని వెనక ఇల్లు, ఇంకా వెనక పెరడు. ఎండుమిర్చి బస్తాలు దిగిన రోజున తుమ్మకుండా మా గడప దాటిన మనిషి లేడు. మిర్చి ఘాటు, బెల్లం తీపి, తడిసిన గోనె వాసన మూడూ కలిసి మా బట్టలకు పట్టేవి. బళ్లో పక్కన కూర్చున్న పిల్ల నన్ను వాసన చూసి "మీ ఇంట్ల ఇయ్యాల బెల్లం దిగిందా?" అని అడిగేది.

చిన్నత్త మా బాపుకు, అంటే నాన్నకు, చెల్లెలు. పెళ్లయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింటికి తీసుకొచ్చారు. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు నిండాయో లేదో. ఇంట్లో ఎవరూ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు. కానీ పొద్దున తాత దుకాణం తెరవడానికి బయలుదేరే వేళకు ఆమె ఎదురు రాకూడదు. పండుగనాడు పిండివంట మొదలుపెట్టే గిన్నె ముట్టకూడదు. వీధి వాకిట్లో నిలబడకూడదు. ఇవన్నీ మా బాపమ్మ పెట్టిన చట్టాలు. బాపమ్మ అంటే మా బాపుకు తల్లి, చిన్నత్తకూ తల్లే. కన్నతల్లి. అప్పుడు నాకు ఇందులో వింతేమీ కనిపించలేదు. ఇప్పుడు కనిపిస్తోంది.

పెరట్లో మాత్రం చిన్నత్తది ఇష్టారాజ్యం. ఆమె చేతిలో ఏం మహత్తు ఉండేదో గాని, పారేసిన గింజ కూడా మొలిచేది. వంకాయ, గోంగూర, చిక్కుడు, కాకర. మార్కెట్టుకు పోయి కూరగాయలు మోసుకురావడం తప్పిందని అమ్మ సంతోషించేది. అయితే తీగలకు పందిరి వేయాలంటే కట్టెలు కావాలి, కట్టెలు కావాలంటే తాతను అడగాలి. తాత పేరున్న వ్యాపారి. ఊరందరికీ అమ్ముతాడు గాని ఎవరి దగ్గరా ఏదీ కొనడు.

"ములుగు అడివి నుంచి బొంగుల బండ్లు వస్తాయి గద బాపూ, నాలుగు బొంగులు దింపియ్యరాదు?" అని చిన్నత్త ఒకసారి తలుపు చాటు నుంచి అడిగింది.

"మట్టిల మొలిచేదానికి సుత కొనుడా బిడ్డా? భూమి మీద కట్టెలకు కరువొచ్చిందా?" అన్నాడు తాత.

చిన్నత్త ఆ మాటను పట్టుకుంది. నిజమే, భూమి మీద కట్టెలకు కరువు లేదు. ఆ రోజు నుంచి మేమిద్దరం మధ్యాహ్నాలు, ఇల్లంతా కునుకు తీసే వేళ, వెనక సందులోంచి బయటపడేవాళ్లం. నేను ముందు నడవాలి. ఎవరైనా శుభకార్యానికి బయలుదేరుతుంటే వెనక్కి తిరిగి చెయ్యి ఊపాలి. అప్పుడు చిన్నత్త గోడవైపు తిరిగి నిలబడేది. వాళ్లు పోయాక మళ్లీ నడక. అది నాకు దొంగాటలాగా సరదాగా ఉండేది. ఆమెకెలా ఉండేదో నేనెన్నడూ అడగలేదు.

మార్కెట్టుకు వచ్చిన పల్లెటూరి బండ్ల కింద కందికట్టెలు రాలి ఉండేవి. అవి తెచ్చి చిక్కుడు పాదులో గుచ్చేవాళ్లం. కల్లు గీసేవాళ్లు నరికి పడేసిన తాటిమట్టలు, బెల్లం గంపలు విరిగితే మిగిలిన బద్దలు, అన్నీ ఏరేవాళ్లం. ఖిలా వరంగల్‌లో మట్టికోట కట్ట మీద వావిలి పొదలు గుబురుగా ఉండేవి. ఆ కొమ్మలు విరిచి మోపు కట్టుకుని వచ్చేవాళ్లం. వావిలాకు వాసన రెండు రోజుల దాకా చేతుల్ని వదిలేది కాదు. పెళ్లిళ్లయ్యాక గుమ్మాల పక్క నుంచి పీకి పారేసిన అరటిబోదెలు ఈడ్చుకొచ్చి, పట్టలు చీల్చి, నీడన ఆరబెట్టి నార తీసేది. ఆ నార మెత్తగా ఉంటుంది, తీగను కోయదు.

"పచ్చి కట్టె పాతద్దు. అది సుత చిగురువెట్టి తీగె తిండి తింటది" అనేది. "తీగెను బిగ్గర కట్టద్దు. నీ చిటికెనవేలు దూరేంత సందుండాలె. అది పెరుగుతది గద."

ఒకసారి నార అయిపోయింది. నాకొక తెలివైన ఆలోచన వచ్చింది. దుకాణంలో గోనె బస్తాల మూతులు సుతిలితో కుట్టి ఉంటాయి. కొసను సరిగ్గా పట్టుకుని లాగితే గొలుసులాగా మొత్తం ఊడి వచ్చేస్తుంది. లాగాను. ఊడి వచ్చింది. దాంతోపాటు కందిపప్పు కూడా వచ్చింది. ఒరిగి ఉన్న నిండు బస్తా అది! దుకాణమంతా పప్పు పరుచుకుంది. బేరం చేస్తున్న మనిషి చెప్పులు చేతిలోకి తీసుకుని గడప మీదికి ఎక్కాడు. తాత నన్ను కొట్టడానికి లేచి, పప్పు మీద కాలు జారి, మళ్లీ బస్తా మీదే కూలబడ్డాడు. సాయంత్రం దాకా నేనూ చిన్నత్తా రాళ్లేరుకుంటూ కూర్చున్నాం. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతూనే ఉంది. ఆమె అంతగా నవ్వడం నేను చూసింది అప్పుడే.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. ఆషాఢంలో గాని నేల తడవలేదు. చిన్నత్త బావి పక్కన బీర గింజలు పెట్టింది. తీగ బలంగా లేచింది. కందికట్టెలు, వావిలి కొమ్మలు దాని ముందు ఆగేలా లేవు. మంచి గట్టి పందిరి కావాలి. ఒక రాత్రి పెద్ద వాన పడింది. మర్నాడు మధ్యాహ్నం ఊరి బయట వాగు దగ్గరికి వెళ్లాం. వరద తీసిపోయి, బాట కింది మోరీకి అడ్డంపడి చెత్తా చెదారం, కొమ్మలు, వాటి మధ్య వెదురు బొంగులు. ఒకటి కాదు, కుప్ప. లావైనవి, నిటారుగా ఉన్నవి, అన్నీ ఇంచుమించు ఒకే పొడుగు. ఒక్కోదానికి జానెడు దూరంలో కత్తిగాట్లు కూడా ఉన్నాయి, అడ్డకట్టె జారకుండా కట్టుకోవడానికి వీలుగా. ఒకదానికి తెల్లగుడ్డ పేలిక చుట్టి ఉంది.

"సూసినవా, ఎవరో మన కోసమే కొట్టివెట్టినట్టున్నరు!" అని చిన్నత్త మురిసిపోయింది. రెండు విడతలుగా మోసుకొచ్చాం. పందిరి ఎంత చక్కగా కుదిరిందంటే, తీగ ఆ సాయంత్రమే దాని మీద చేతులు వేసింది. ఆ తెల్లగుడ్డ పేలికతోనే నేను మొదటి ముడి వేశాను.

శ్రావణం వచ్చేసరికి పందిరి కనిపించకుండా తీగ కమ్మేసింది. పొద్దువాలే వేళ పసుపు పూలు విచ్చుకునేవి. వేలంత పిందెలు వేలాడసాగాయి. చిన్నత్త పొద్దున లేవగానే వాటిని చూసొచ్చి, ఏ పిందె ఎంత సాగిందో అమ్మకు చెప్పేది. ఆ ఇంట్లో ఆమె ఎవరికైనా ఏదైనా కబురు చెప్పేదంటే అదే.

ఒక గురువారం పొద్దున తాత స్నానం చేసి, బట్ట మార్చుకుని, పెరట్లోకి వచ్చాడు. పందిరి కింద నిలబడి తలెత్తి చూశాడు. "పిందెలు మంచిగ వట్టినయే" అని గుంజ మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. బొటనవేలితో ఒక గాటును తడిమాడు. తర్వాత ఇంకొక గాటును.

"ఇవి ఎక్కడియి బిడ్డా?"

"వాగుల కొట్టుకొచ్చినయి బాపూ" అంది చిన్నత్త.

తాత నేను కట్టిన తెల్లపేలిక వైపు చూశాడు. తిన్నగా బావి దగ్గరికి పోయి, చేదతో నీళ్లు తోడుకుని, కట్టుకున్న పొడి ధోవతితోనే నెత్తిన పోసుకున్నాడు. మళ్లీ తోడాడు, మళ్లీ పోసుకున్నాడు.

వంటింట్లోంచి బాపమ్మ చూసింది. "ఇప్పుడే తానం జేస్తివి గద! మల్ల ఏందిది?"

ఇక చెప్పక తప్పలేదు. బజారులో ఎవరు పోయినా భుజం పట్టడానికి ముందు నిలబడే మనిషి మా తాత. పాడె ఎలా ఉంటుందో ఆయన చేతికి తెలుసు. కాటికి చేర్చాక ఆ కట్టెల్ని వాగు ఒడ్డున పడేస్తారు. వాన వాటిని మాకు తెచ్చిచ్చింది.

బాపమ్మ గుండెలు బాదుకుంది. "ఓ దేవుడా! పాడెకట్టెలు దెచ్చి ఇంట్ల పాతిన్రా! కండ్లు పోయినయా నీకు? గుర్తువట్టకపోతివా?"

"నేనెట్ల గుర్తువడ్తనమ్మా?" అంది చిన్నత్త మెల్లగా. "మన ఆడోళ్లం కాటికి పోతమా? ఆ దినం నన్ను లోపలి అర్రల కూసుండవెట్టి తలుపేసిన్రు. కట్టింది సూడలే, ఎత్తింది సూడలే."

బాపమ్మ బాదుకోవడం ఆపింది. "గదంత ఇప్పుడెందుకు? తీగె పీకు. బొంగులు అవుతల వారేయించు. పెరడంత పేడనీళ్లు సల్లు. రేపటి సంది పెరట్ల నీకేం పనిలేదు. లోపట కూసో."

నాకు ఏడుపొచ్చింది. తీగ పోతుందని కాదు. పెరడు లేకపోతే ఆ ఇంట్లో చిన్నత్తకు మిగిలేది వెనక అర్ర, ఒక చాప, అంతే. ఆ సంగతి నా వయసు పిల్లకే అర్థమైంది.

చిన్నత్త కదల్లేదు. ఎప్పుడూ తల్లికి ఎదురుచెప్పని మనిషి, తల ఎత్తింది.

"బొంగులు తీసేస్త. తీగెను పీక. సచ్చినోళ్లను మోసిన కట్టె పాపిష్టిదంటానవ్. మరి బాపు ఎంతమందిని మోసిండు? తానం జేసి వస్తె ఇంట్లకు రానిస్తలేవా? బువ్వ వెడ్తలేవా? ఆ బొంగులు వరదొచ్చిన రాత్రంత వాగుల తానమే జేసినయి గదమ్మా!"

తాత తడిబట్టలతో నిలబడి ఉన్నాడు. ఆయన మీసం కింద ఏదో కదిలింది. "అది అడిగిందాంట్ల తప్పేమున్నదే?" అన్నాడు బాపమ్మతో.

జవాబు దొరకనప్పుడు బాపమ్మ గడువు పెట్టేది. "రేపు శుక్రారం. దీపంవెట్టే యాళ్లకు ఆ బొంగులు పెరట్ల ఉండద్దు. తీగె నిలవడ్తె నిలవడ్తది, లేకుంటె లేదు. అంతే" అని లోపలికి పోయింది.

గట్టి కట్టెలు ఒక్కరోజులో ఎక్కడ దొరుకుతాయి? వానలకు ములుగు బండ్లు రావడం లేదు. ఆ రాత్రి చిన్నత్త అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడు పక్కింట్లో పెళ్లిపందిరి విప్పుతున్నారు. ఆ ఇంటి పిల్ల పెళ్లయి, పదహారు రోజుల పండుగ కూడా అయిపోయింది. గుంజలు పీకి గోడకు ఆనిస్తున్న చప్పుడు మా పెరట్లోకి వినిపించింది. చిన్నత్త ఆ చప్పుడు వింటూ నిలబడింది. తర్వాత కొంగు బిగించి నన్ను పిలిచింది. నేను అలవాటుగా వెనక సందు వైపు పరుగెత్తాను.

"అటు గాదు. ఇయ్యాల నువ్వు నా ఎనక నడు" అంది.

దుకాణంలోంచి నడిచింది. గిరాకీలున్న వేళ, పొద్దు పొద్దున, అందరి ముందు నుంచి. తాత త్రాసు ముల్లు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఎవరో ఏదో గొణిగారు. చిన్నత్త ఆగలేదు.

పెళ్లింటావిడ వాకిట్లో పీట మీద కూర్చుని ఉంది. చిన్నత్తను చూసి లేచి నిలబడింది. చిన్నత్త గడప ఇవతలే ఆగి, దాచకుండా జరిగిందంతా చెప్పేసింది. "తెల్వక పాడెకట్టెలు పాతిన వదినా. ఇయ్యాల మారుస్తె తీగె బతుకుతది. మీ పందిరి గుంజలిస్తవా?"

ఆవిడ గోడకు ఆనించిన గుంజల వైపు చూసింది. వాటికి పెళ్లినాటి పసుపూ కుంకుమా ఇంకా పోలేదు. ఇవ్వదనే అనుకున్నాను. ఒక విధవ చేతికి పెళ్లిగుంజలు ఎవరిస్తారు?

"నా బిడ్డ అత్తగారింటికి పోయినకాన్నుంచి ఆ గుంజలు జూస్తె ఏడుపొస్తాంది" అంది ఆవిడ. "ఇంట్ల పొయ్యిల పెట్ట మనసొస్తలేదు. తీస్కపో బిడ్డా. ఏదో ఒకటి వాటి మీద పారనీ. పా, నేను సుత ఒక చెయ్యేస్త."

ఇక అసలు కష్టం మొదలైంది. పాత బొంగులు పీకితే తీగ కూలిపోతుంది. కింద పడితే పిందెలన్నీ రాలిపోతాయి. నులితీగలు బొంగులను ఎంత గట్టిగా పట్టుకున్నాయంటే, ఒక్కొక్కదాన్ని గోటితో విడదీయాల్సి వచ్చింది. చివరికి చిన్నత్త తేల్చింది: గుంజలు మారేదాకా తీగను మనుషులే మోయాలి.

అమ్మ పొయ్యి మీద సర్వపిండి వదిలేసి, పిండి చేతులతోనే వచ్చింది. తాత దుకాణం బాపుకు అప్పజెప్పి వచ్చాడు. పెళ్లింటావిడ ఒక పక్క. నేను రోలు మీదికి ఎక్కి రెండు చేతులూ పైకెత్తాను. ఆకుల నుంచి నిన్నటి వాననీళ్లు మొహం మీద కారుతున్నాయి, ఆకుల గరుకుకి చేతులు దురదపెడుతున్నాయి. చీమలు దారి మార్చుకుని నా మోచేతి మీదుగా పోతున్నాయి. గోక్కోవడానికి లేదు. చిన్నత్త ఒక్కొక్క బొంగూ పీకి, అదే గుంతలో పెళ్లిగుంజ దింపి, మట్టి కూరి, కాలితో తొక్కుతోంది.

ఆఖరి గుంజ దగ్గర, బావి వైపు మూల ఒరిగిపోయింది. అక్కడ పట్టుకునే మనిషి లేదు. చిన్నత్త చేతుల్లో గుంజ సగం దిగి ఉంది, వదిలితే పడిపోతుంది. టప్పున ఏదో తెగిన చప్పుడు.

"అమ్మా!" అని అరిచింది చిన్నత్త.

అంతసేపూ వంటింటి గడప మీద మాకు వీపు పెట్టి కూర్చున్న బాపమ్మ లేచింది. సణుక్కుంటూనే వచ్చింది. సణుక్కుంటూనే ఆ మూల తీగ కింద రెండు చేతులూ పెట్టి ఎత్తింది. తల్లీ కూతుళ్లు ఎదురెదురుగా, మధ్యలో గుంజ. చిన్నత్త అరచేతులకు పెళ్లిపసుపు అంటుకుని ఉంది. బాపమ్మ ఆ చేతుల వైపు చూసింది. చాలాసేపు చూసింది.

"ఇంకెంతసేపే? నా రెక్కలు గుంజుతానయి."

"జర ఆగమ్మా. అయిపోతాంది."

బాపమ్మ ఆగింది.

పాడె బొంగుల్ని తాత తనే భుజాన వేసుకుని వాగు దాకా మోసుకుపోయి వదిలి వచ్చాడు. "అలవాటైన భుజమే" అన్నాడు. అందరం తలస్నానాలు చేశాం. సర్వపిండి నల్లగా మాడిపోయింది, దాన్నే గీరుకుని తిన్నాం. పెళ్లింటావిడ కూడా మాతోపాటు పెరట్లోనే కూర్చుని తింది. దీపం వేళకు తీగ కొత్త గుంజల మీద నీరసంగా వేలాడుతోంది. బతుకుతుందో లేదో ఎవరికీ తెలియదు. చిన్నత్త మాత్రం చీకటి పడేదాకా ఒక్కో నులితీగను పట్టుకుని గుంజకు తాకించి చూస్తూ కూర్చుంది.

రెండు మూడు రోజులు వాడింది. తర్వాత తేరుకుంది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. పెరడున్న చోట మోటారు సామాన్ల గోదాము వచ్చింది. అక్కడ పెరిగిన వాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. మట్టికోట మీద వావిలి కొమ్మలు విరవడానికి ఇప్పుడు ఎవరూ పోరు. నేను చాలా సంగతులు మర్చిపోయాను. ఆ తీగ కాపు పట్టిన పొద్దు మాత్రం మర్చిపోలేదు.

మా ఇళ్లల్లో తీగ తొలికాయను ముత్తైదువ తెంపాలి. అమ్మ పళ్లెంలో కుంకుమ పెట్టుకుని పెరట్లోకి వచ్చింది. చిన్నత్త ఎవరూ చెప్పకుండానే బావి వెనక్కి జరిగి నిలబడింది. అమ్మ కాయ మీద చెయ్యి వేసేలోగా బాపమ్మ వచ్చి పళ్లెం లాక్కుంది.

"కట్టె దెచ్చింది అది. నీళ్లు వోసింది అది. తెంపేది నువ్వా?" అని అమ్మ మీద కసిరింది. పాపం అమ్మ ఏం చేసింది!

బాపమ్మ పళ్లెం తీసుకుని బావి వెనక్కి వెళ్లింది. చిన్నత్త చేతులు కొంగులో దాచుకుంది. బాపమ్మ ఆ కొంగు లాగి, చేతులు బయటికి తీసి, పళ్లెం పెట్టింది.

"సూస్తవేందే? తెంపు. ముదిరితె పీచయితది."